హామీపత్రంలో ఒక వాక్యం ఎక్కువ

కథలు రాయడం నేను అఫిడవిట్ల దగ్గర నేర్చుకున్నాను. వినయం కొద్దీ చెబుతున్న మాట కాదిది, నా బయోడేటా. డిగ్రీ అయ్యాక మందమర్రిలో ఒక జిరాక్స్ షాపులో టైపు కొట్టే పనికి కుదిరాను. షాపు బొగ్గు కార్మికుల కాలనీకి ఎదురుగా ఉండేది. వచ్చేవాళ్లంతా ఏదో ఒకటి నిజమని ప్రమాణం చేయాల్సినవాళ్లే. ఆధార్‌లో ఉన్న పేరూ సర్వీసు పుస్తకంలో ఉన్న పేరూ ఒకే మనిషివని, ఈమె ఇతని భార్యేనని, ఇతను ఇంకా బతికే ఉన్నాడని. ఆ చివరిదాన్ని ఆ మనిషే స్వయంగా వచ్చి, నా ఎదుట కుర్చీలో కూర్చుని, దగ్గుతూ టైపు చేయించుకునేవాడు. ప్రతి కాగితం కిందా నేను ఒకే వాక్యం కొట్టేవాణ్ణి. "పైన తెలిపిన విషయాలన్నీ అక్షరం అక్షరం నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను." ఆ వాక్యం నా వేళ్లకు ఎంతగా అలవాటైందంటే, మెదడును అడగకుండానే వచ్చేసేది.

ఆ వాక్యమే మా కొంప ముంచబోయింది.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ఎందుకంటారో దిగేవాళ్లకు తెలుసు. మేం నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు పని ఆ బాయి లోపల, పైకప్పు కూలకుండా కింద ఆనపు కర్రలు నిలబెట్టడం. అంటే కప్పు కూలే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడికి అందరికంటే ముందు వెళ్లి నిలబడడం. నా చిన్నప్పుడు బాపు రావాల్సిన వేళ దాటితే అవ్వ వాకిట్లోకి వచ్చి చేటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. మా ఇంట్లో రాళ్లు లేని అన్నం తిన్నామంటే ఆ రోజు బాపు ఆలస్యంగా వచ్చాడని లెక్క.

కొన్నేళ్లుగా బాపుకు ఊపిరి సరిగా ఆడడం లేదు. బస్సు దిగి క్వార్టర్‌కు వచ్చే దారిలో మూడుచోట్ల ఆగుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి తలెత్తి మొగులు చూస్తాడు. నల్లా దగ్గర ఆగి చెప్పు సరిచేసుకుంటాడు. పక్కింటి కాక వాళ్ల జామచెట్టు దగ్గర ఆగి కాయలు లెక్కపెడతాడు. చెట్టుకు కాయలు లేని కాలంలో కూడా లెక్కపెడతాడు. కాక బాపుతో పాటు అదే షిఫ్టులో దిగే మనిషి. కిటికీలోంచి అన్నీ చూస్తూ, చూడనట్టు రేడియో తిప్పుకుంటూ ఉంటాడు.

నా మొదటి కథ ఇలా మూడుచోట్ల ఆగడం గురించే. పేరు కూడా "మూడు చోట్లు" అని పెట్టాను. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను. నెల తర్వాత ధైర్యం చేసి ఫోన్ చేస్తే, కథలు చూసే సబ్ ఎడిటర్ ఓపికగానే మాట్లాడాడు.

"బాగానే రాశారండీ. కానీ బొగ్గు కథ అనగానే దగ్గేనా? వారానికి నాలుగు దగ్గులు వస్తాయి మాకు. పాఠకుడు ఆదివారం పొద్దున్నే టిఫిన్ తింటూ చదువుతాడు. కొంచెం గుండె ఉప్పొంగేది ఏదైనా ఉంటే పంపండి."

మా బాపు ఊపిరి ఎవరి టిఫిన్‌కో అడ్డం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత కరీంనగర్‌లో కొత్తగా రాసేవాళ్ల కోసం రెండు రోజుల కథల శిబిరం పెడుతున్నారని తెలిసి వెళ్లాను. ఒక ఫంక్షన్ హాలు. మాకంటే ముందు రోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది, వేదిక మీద వధూవరుల పేర్లు థర్మాకోల్‌తో అలాగే ఉన్నాయి. వాటి కింద కూర్చుని మేం శిల్పం గురించి మాట్లాడుకున్నాం. మాకు చెప్పడానికి వచ్చిన పెద్దావిడ రిటైరైన టీచరు. నేను చదివి వినిపించిన పేరాలో ఒకడు బరువు మోస్తాడు. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"బిడ్డా, నువ్వు జిందగీల ఏం మోసినవ్?"

"బ్యాగు మోస్తా మేడం."

"గదే కనవడుతున్నది. నీ కథల మనిషి బరువు మోస్తలేడు, బ్యాగు మోస్తున్నడు. ఇంటికి పోయి ఏదన్న ఎత్తు. నొప్పి ఏడ లేస్తదో సూడు. గక్కడికెళ్లి రాయి."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, లోపల మాత్రం అనుమానం. నేను రాసిందంతా టైపు కొట్టిన ప్రమాణమేనని ఆమెకు తెలిసిపోయిందేమో అని.

ఇంటికి వచ్చి గ్యాస్ సిలిండర్ ఎత్తాను. నిండుది. ఎత్తుకుని వాకిట్లో నడవాలన్నది నా ప్రణాళిక. మూడు అడుగులు నడిచాను. నాలుగోది సిలిండర్ ఒంటరిగా నడిచింది.

అవ్వ లోపల్నుంచి ఉరికి వచ్చింది. "సచ్చినోడా! ఇల్లు కాలవెడ్తవా ఏంది? ఏం పుట్టింది నీకు?"

"కథ రాస్తున్ననే అవ్వా."

"కథ రాయనీకి గ్యాసెందుకురా? పెన్ను లేదా?"

జామచెట్టు పక్కనుంచి కాక ఇదంతా చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ ఆయనకు సంగతి చెప్పాను. బాయిలో పడిపోయిన ఒక మనిషిని ఇంకొకడు భుజాన వేసుకుని ఏటవాలు దారంతా ఎక్కి పైకి తెస్తాడు, అది రాయాలి, ఆ బరువు ఎలా ఉంటుందో తెలియడం లేదు.

కాక నవ్వలేదు. కాసేపు తన కుడి భుజం రుద్దుకున్నాడు.

"సిలిండర్ ఎత్తితె ఏం ఎర్కయితది బిడ్డా? అది గట్టిగుంటది, పట్టుకోనిస్తది. మనిషి గట్లుండడు. సోయి తప్పినోడు నీళ్ల తీరు జారుతడు. ఎన్నిసార్లు ఎగేసుకున్నా కిందికే జారుతడు. భుజం కంటె ముందుగాల మెడ నొస్తది. ఇగ వాని శ్వాస నీ చెవుల్నే ఇనవడుతది. అది ఆగిందా నడుస్తున్నదా అని చెవి అక్కడ్నే పెట్టి నడవాలె. బరువు తర్వాత సంగతి."

గబగబా లోపలికి వెళ్లి అదంతా రాసుకున్నాను. ఇంత వివరంగా ఎలా తెలుసని అడగాలని తోచలేదు. రాసేవాడికి మంచి వాక్యం దొరికితే, అది ఎవరి భుజం మీంచి వచ్చిందో చూసుకోడు. ఈ పాఠం ఏ శిబిరంలోనూ చెప్పరు.

ఆ పడిపోయిన మనిషి సంగతి నాకు బాపే చెప్పాడు. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా చాలాసేపు ఉండి అన్నాడు. "ఇయ్యాల ఒకడు పడ్డడు లోపట. ఊపిరి అందలే. ఇంకొకడు మోస్కొచ్చిండు పైకి." ఇంతే. కథకు కావాల్సినవన్నీ ఉన్నాయి, మోసినవాడి పేరు తప్ప. దాన్ని నేను పెట్టాను. మోసినవాడు బాపు. ఇంకెవరు? కొడుక్కి చెబుతూ తన పేరు చెప్పుకోవడానికి మొహమాటపడ్డాడు, అంతే. అలా అనుకున్నాను. సబ్ ఎడిటర్ అడిగినట్టు గుండె ఉప్పొంగాలి కాబట్టి బాపు దగ్గు తీసేశాను. మూడు చోట్లు ఆగడం తీసేశాను. ఇనుప దూలాన్ని ఒంటిచేత్తో పక్కకు నెట్టించాను. పడిపోయినవాడిని మాత్రం మసకగా ఉంచాను. వాడు "అమ్మా" అని ఏడుస్తూ ఉంటాడు, అంతకుమించి వాడికి పనిలేదు.

ఇక హామీపత్రం. తెలుగులో కథ పంపిన ఎవరికైనా తెలుసు, కథ వెంట ఒక కాగితం జతచేయాలి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు. నాలుగు ముక్కలు, ఒక సంతకం. మామూలు మనుషులు అంతే రాస్తారు. నేను జిరాక్స్ షాపులో కూర్చుని టైపు చేశాను. నాలుగు ముక్కలూ అయ్యాక కూడా వేళ్లు ఆగలేదు. "ఇందలి విషయాలు బొగ్గుబాయిలో పనిచేయుచున్న మా తండ్రిగారి జీవితంలో జరిగినవేనని, అక్షరం అక్షరం నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను." కింద సంతకం పెట్టి, అలవాటు కొద్దీ షాపు స్టాంపు కూడా గుద్దాను.

కథను వేసుకుంటామని ఫోన్ వచ్చిన వారానికే బాపుకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మెడికల్ బోర్డుకు రమ్మని.

ఇది మా కాలనీ బయటివాళ్లకు చెప్పాలి. బాయిలో పనిచేసే మనిషి ఆరోగ్యం ఇక దిగడానికి పనికిరాదని డాక్టర్ల బోర్డు తేల్చితే, అతన్ని అన్‌ఫిట్ చేసి పంపిస్తారు, ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. తేల్చకపోతే ఫిట్. ఫిట్ అంటే మళ్లీ దీపం నెత్తిన పెట్టుకుని దిగాలి, రిటైరయ్యే దాకా, ఆ ఊపిరితోనే. బాపు రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఉత్తరం అది. ఆయన అన్‌ఫిట్ అయితే ఆయన బయటికి, నేను లోపలికి. నాకు చీకటన్నా భయమే, లిఫ్టన్నా భయమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపు జామచెట్టు దగ్గర లేని కాయలు లెక్కపెడుతుంటే, నా భయానికి వరుసలో చోటు దొరకలేదు.

బోర్డు శుక్రవారం. కథ వచ్చింది అంతకు ముందరి ఆదివారం.

పేజీ తెరవగానే ముందు బొమ్మ కనబడింది. చిత్రకారుడు కథను మనసుపెట్టి చదివినట్టున్నాడు. బాపుకు పొట్ట మీద ఆరు పలకలు వేశాడు. చొక్కా లేదు. మీసం మెలితిరిగి ఉంది. భుజం మీద ఒక మనిషి తువ్వాలులా వేలాడుతున్నాడు. మా బాపు బరువు ఆ బొమ్మలో మీసమంత ఉంటుంది. మొదటి కథ అచ్చయిన రోజు ఎలా ఉంటుందో చాలామంది రాశారు. నేను నా పేరునే నాలుగుసార్లు చదువుకున్నాను. చివరిదాకా చదివి, కథ కింద గళ్ల చట్రంలో ఉన్నది చూశాను. సంబరం అక్కడే కూలబడింది.

"రచయిత మందమర్రికి చెందినవారు. తన తండ్రి నిజజీవిత సంఘటనే ఈ కథ అని, ఇది అక్షరం అక్షరం నిజమని రచయిత ప్రమాణం చేస్తున్నారు."

నా హామీపత్రం వాళ్లకు ముచ్చటేసింది. అచ్చేశారు.

భయం ఏమిటో నాకంటే ముందు అవ్వకు తెలిసింది. పేపర్ చదివించుకుని, బొమ్మ చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"గిది డాక్టర్ జూస్తే ఏందిరా? దూలాలు ఎత్తేటోనికి ఊపిరి ఆడ్తలేదంటే ఎవడు నమ్ముతడు?"

"డాక్టర్లు కథలు చదవరే అవ్వా."

"నువ్వు సంతకం పెట్టినవ్ గదరా. సంతకం పెట్టింది జదువుతరు."

అవ్వ ఆ మధ్యాహ్నం వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది. బాపు ఇంట్లోనే ఉన్నా, బియ్యం ఏరింది.

నేను కాలనీలోకి వెళ్లాను. పేపర్ వేయించుకునే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. ప్రతి ఇంటి ముందూ ఏదో వంకతో ఆగాను. "ఆదివారం పేజీ ఉన్నదా అత్తా, జర ఇస్తవా?" "నీ కథ వడ్డదట గద! నేను దాస్కుంటున్న, ఇయ్య పో." ఎక్కడా దొరకలేదు. జీవితంలో మొదటిసారి నా పాఠకులు నన్ను ప్రేమిస్తున్నారు, నాకు వాళ్లను చూస్తే చెమటలు పడుతున్నాయి. సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఒక పెద్దమనిషి మా బాపు ఆరు పలకల పొట్టలో నాలుగు బజ్జీలు చుట్టించుకుని వెళ్లాడు. నూనె అక్షరాల్లోకి దిగుతుంటే నా ప్రాణం కుదుటపడింది. తన కథను బజ్జీలకు వాడుతుంటే సంతోషించిన రచయిత బహుశా నేనొక్కణ్ణే.

సోమవారం బాపు షిఫ్టు నుంచి వచ్చేసరికి చొక్కా జేబులో ఆ పేజీ మడత పెట్టి ఉంది. బాయి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గది దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు ఎవరో అందరికీ వినబడేలా చదివారట. పోటీపడి చాయ్ తాగించారట. ఇవి చెప్పింది బాపు కాదు, వెనకాలే వచ్చిన కాక. బాపు నేరుగా లోపలికి వెళ్లాడు. ఆ రోజు జామచెట్టు దగ్గర ఆగకుండా రావాలని చూశాడు, ఆగాల్సి వచ్చింది.

కాక గడప దగ్గర నిలబడ్డాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. మెడ నొచ్చుడు మంచిగ రాసినవ్." అంత మాత్రం అని, భుజం రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. నేను థ్యాంక్స్ కాకా అన్నాను. ఆ థ్యాంక్స్ ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడు నిద్ర లేపుతుంది.

ఆ నాలుగు రోజులూ నా పథకం ఒకటే. ఎలాగైనా ఆ పేజీని బాపు జేబులోంచి తీసేయాలి. ఉతకడానికి చొక్కా ఇమ్మంటే ముందు పేజీ తీసి, తర్వాత చొక్కా ఇచ్చాడు. పడుకున్నప్పుడు చూద్దామంటే తలకింద పెట్టుకున్నాడు. ఏనాడూ జేబులో బీడీ ముక్క తప్ప ఏదీ దాచుకోని మనిషి. చివరికి చెప్పేశాను.

"బాపూ, బోర్డుకు పోయేనాడు అది వెంట తేకు. డాక్టర్ చూస్తే పరేషాన్ అయితది."

"ఏం గాదు తియ్."

"ఏం గాదంటే ఎట్లనే? నువ్వు దూలాలు ఎత్తినవని ఉన్నది అండ్ల."

"నేను రాసిన్నా?" అన్నాడు బాపు. అంతటితో చర్చ ముగిసింది.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ ఆసుపత్రి వరండా. పొడవాటి బెంచీ మీద బాపు వయసువాళ్లు ఇరవై మంది, ఒక్కొక్కరి ఒళ్లో ఎక్స్‌రేల కవరు. ఒక్కొక్కరి వెనక గోడకు ఆనుకుని ఒక కొడుకో కూతురో. అందరం ఒకరినొకరం చూసుకోకుండా చూసుకుంటున్నాం. అక్కడ ఎవరూ ఆరోగ్యంగా నడవరు. నీళ్లు తాగడానికి లేచినవాడు కూడా గోడ పట్టుకుని లేస్తాడు.

బెంచీ మధ్యలోంచి ఒకాయన బాపు వైపు వంగాడు. "అన్నా, పేపర్ల వడ్డది నువ్వేనటగా?"

బాపు జేబు సర్దుకున్నాడు.

"నువ్వే అన్‌ఫిట్ అంటె ఇగ ఈ జిల్లాల ఫిట్ ఎవడే? మీ పిల్లగాడు మా అందరి కడుపు కొట్టిండు పో. డాక్టర్ సాబ్ గది జూసి, బాయిల వనిజేస్తే గిట్ల కండలొస్తయని మమ్ముల గూడ తోలుతడు!"

నవ్వు బెంచీ ఈ చివర మొదలై ఆ చివరికి వెళ్లేసరికి దగ్గుగా మారింది. ఆ దగ్గులో ఎవరిది నిజమో చెప్పడం కష్టం. బాపుది మాత్రం నేను గుర్తుపట్టాను. ఆ పెద్దాయన సరదాకే అన్నాడు. కానీ నేను నాలుగు రోజులుగా ఇంటి ఒక్క మనిషి గురించే భయపడుతున్నాను, బెంచీ అంతటి గురించి భయపడాలని అప్పుడే తెలిసింది.

పిలుపు వచ్చింది. ఫైలు మోయడానికి నన్ను కూడా లోపలికి రానిచ్చారు. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నాయన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశాడు. మొన్న గొట్టంలోకి ఊదించిన పరీక్ష కాగితం చూశాడు. "చొక్కా తియ్యండి" అన్నాడు.

బాపు గుండీలు విప్పాడు. చొక్కాను జాగ్రత్తగా మడిచి నాకు అందించాడు. నేను ఇంకా జాగ్రత్తగా అందుకున్నాను. ఇంతమంది ఇంత జాగ్రత్తపడితే ఏమవుతుందో అదే అయింది. పేజీ జేబులోంచి జారి, విచ్చుకుని, బొమ్మ పైకి వచ్చేలా, సరిగ్గా బల్ల ముందు పడింది.

డాక్టర్ తల వంచి చూశాడు. ఆరు పలకలు. మీసం. తర్వాత తలెత్తి బాపును చూశాడు. బాపు పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి.

"ఏమిటిది?"

"మా పిల్లగాడు కథ రాసిండు సార్" అన్నాడు బాపు. దాచడం కాదు కదా, ఆ గొంతులో ఒక రకమైన మురిపెం ఉంది.

డాక్టర్ పేజీ తీసుకున్నాడు. కథ మొదటినుంచి చదివి ఉంటే నాకు ఊపిరి తీసుకోవడానికి సమయం దొరికేది. ఆయన కింద చట్రంలో ఉన్నదే ముందు చదివాడు. "నువ్వేనా రచయితవి? అక్షరం అక్షరం నిజమని ప్రమాణం చేశావే? ఆరు నెలల కింద జరిగిందా, ఎప్పుడు జరిగింది? మీ నాన్న మనిషిని మోసుకుని ఆ ఏటవాలంతా ఎక్కాడా?"

నోరు తెరిచాను. అవునంటే బాపు మళ్లీ దిగాలి. కాదంటే నా సంతకం అబద్ధం, అబద్ధపు సంతకం పెట్టేవాడు పట్టుకొచ్చిన ఫైలును ఎవరు నమ్ముతారు? "సార్, అది హామీపత్రం సార్, మామూలుగా అందరూ..." అన్నాను. రోజంతా జోకులేసే నోటికి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"జరిగింది నిజమే సార్" అన్నాడు బాపు.

ఇక ఫిట్టే అనుకున్నాను.

"మూడేండ్లయితున్నది. మనిషిని మోస్కొచ్చుడు నిజమే. గాని మోసింది నేను గాదు." కాసేపు ఆగాడు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగినట్టు. "మోయించుకున్నది నేను. పిలగానికి తెల్వదు. నేనే జెప్పలే."

నేను చొక్కా పట్టుకుని నిలబడ్డాను.

డాక్టర్ కొంచెంసేపు మా ఇద్దరినీ చూసి, పేజీ మడిచి నాకు ఇచ్చాడు. ఊదిన పరీక్ష కాగితం మీద వేలు పెట్టాడు. "కంగారు పడకు. మేము దీన్ని చూస్తాం, దాన్ని కాదు. ఈ మిషన్ కథలు చదవదు. ఇక మీరు వెళ్లొచ్చు, ఫలితం బాయి ఆఫీసుకు పంపిస్తాం."

అంటే నేను నాలుగు రోజులు వణికింది, కాలనీ అంతా అడుక్కున్నది, అవ్వ అన్ని బియ్యం ఏరింది, ఒక గొట్టంలోకి ఊదిన గాలి ముందు లెక్కలోకే రాలేదు. మొదటి కథతోనే కంపెనీ నిర్ణయాలు మారతాయని భయపడడం కూడా ఒక రకమైన పొగరే. కానీ ఫలితం ఇంకా రాలేదు, అందుకని భయం తగ్గలేదు. కారణం మాత్రం మారింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన బాపు. చాలా దూరం వచ్చాక అడిగాను. "నాకెందుకు చెప్పలే బాపూ?"

"ఏమని జెప్తరు? మీ బాపును బస్తా లెక్క ఎత్తుకొచ్చిండ్రని చెప్పాల్నా? మీ అవ్వకు తెలిస్తే రోజు బాయికి పోనిస్తదా?"

"మరి పేపర్ల గట్ల వస్తే, కాదని ఎందుకనలే?"

బాపు జేబు తడుముకున్నాడు. పేజీ ఇప్పుడు నా దగ్గర ఉందని గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు. "మంచిగనిపిచ్చిందిరా. జరంత సేపు." కిటికీలోంచి బయటికి చూశాడు. "గాని, కాక ముందట్నే చదివిండ్రు దీపాల కాడ. అప్పుడు మాత్రం తల ఎత్తలేదు నేను."

అర్థం కావడానికి నాకు ఒక స్టేజీ దూరం పట్టింది. మెడ ముందుగా నొస్తుంది. శ్వాస చెవిలోనే వినబడుతుంది. అది ఆగిందా నడుస్తున్నదా. సిలిండర్ పక్కన నిలబడి కాక నాకు చెప్పింది మా బాపు బరువు. నేను దాన్ని రాసుకుని, ఆయన భుజం తీసి బాపుకు పెట్టి, ఆయనకు ఏడ్చే మనిషి వేషం ఇచ్చాను. అంతటితో ఆగక, అక్షరం అక్షరం నిజమని ప్రమాణం చేశాను. ఆయన వచ్చి మంచిగా రాశావని చెప్పి వెళ్లాడు.

ఫలితం పన్నెండు రోజులకు వచ్చింది. ఆ పన్నెండు రోజులూ కాకకు ఎదురుపడకుండా తిరిగాను. పక్కిల్లు కాబట్టి అది చిన్న విషయం కాదు. షాపుకు వెనక గోడ దూకి వెళ్లేవాణ్ణి. ఒకసారి దూకుతుంటే ఆయనే కింద చెయ్యి ఇచ్చాడు.

బాయి నోటీసు బోర్డు మీద జాబితా అంటించారని, అందులో బాపు పేరు ఉందని చెప్పింది కూడా ఆయనే. అన్‌ఫిట్. అవ్వ కాక నోట్లో చక్కెర పోసింది. పనికిరాడని రాసి ఇచ్చిన కాగితానికి ఇంటిల్లిపాదీ ఇంత సంబరపడే ఊర్లు ఇంకెక్కడ ఉంటాయో నాకు తెలియదు. బాపు గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్లు చాపి, ఎవరికోసమూ మొగులు చూడకుండా, హాయిగా ఆయాసపడ్డాడు.

కాక వెళ్లడానికి లేచాడు. నేను వెనకే జామచెట్టు దాకా వెళ్లాను. 

"కాకా, కథల తప్పు రాసిన."

"తెల్సు."

"మోసింది నువ్వు."

"నాకు తెల్వదా?" అన్నాడు. "మూడేండ్ల సంది ఈ భుజం రోజు జెప్తనే ఉన్నది."

"మల్ల రాస్త. పేపరోళ్లకు గూడ ఉత్తరం రాస్త, తప్పయిందని."

కాక ఆకుల్లోకి చూసి ఒక కాయ తెంపాడు, దోరది. "ఎవలు మోస్తేంది, పైకయితే వచ్చిండు గద. గాని ఒక్కటి మాత్రం మార్చు. గా మోయించుకున్నోడు అమ్మా అని ఏడ్సిండని రాసినవ్. మీ బాపు ఏడ్వలే. సగం తొవ్వ దాక తిట్టిండు నన్ను. నీయవ్వ దించురా, నేను నడుస్త అని. ఊపిరి లేదు, గాని తిట్లు మాత్రం తక్కువలే. ఆ తిట్లు ఇనవడుతున్నంత సేపు నాకు ధైర్నముండె. అవి ఆగినయ్, సోయి తప్పిండు, గప్పుడు భయమయ్యింది. ఉరికిన."

ఇంత మంచి సంగతి నేను వెయ్యేళ్లు కూర్చున్నా కల్పించలేను. జేబులో పెన్ను కోసం చెయ్యి వెళ్లింది. ఆపుకున్నాను.

"రాస్కో రాస్కో" అన్నాడు కాక, నా చెయ్యి చూసి. "ఎట్లయినా నువ్వు మా షిఫ్టుకే వస్తవు గద నౌకరి వస్తే. నా పక్కన నడువు. నాగ్గూడ మునుపటి తీరు ఊపిరి అందుతలేదు, మీ చిన్నమ్మకు చెప్పకు. నేను వడితె నువ్వు మోయాలె. గప్పుడు రాయి, అక్షరం అక్షరం నిజమని."

కాయను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లి రేడియో పెట్టుకున్నాడు.

నేను ఇంటికి వచ్చాను. వంటింట్లో సిలిండర్ మూలన ఉంది, నిండుది. అవ్వ చూడకుండా దాన్ని ఎత్తాను. అయిదు అడుగులు నడిచాను.